బిల్లు తగ్గించే సోలార్ వేరు, తుఫానులో వెలిగే సోలార్ వేరు: బరంపురం ఇంటికి ఏది కొనాలి?

మొన్న ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కాలబైశాఖి గాలి, అంటే వేసవిలో వచ్చే ఉరుముల గాలివాన, మా ఒడిశా బరంపురం మీద విరుచుకుపడింది. చెట్లు తీగల మీద పడ్డాయి. మా వీధికి రాత్రంతా, మరునాడు మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. పక్కింటి పెద్దాయన అంతకు నెల ముందే డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నారు. వరస కలిపి ఆయన్ని పెదనాన్న అంటాను. పొద్దున పదకొండు గంటలకు మా ఇంటికి వచ్చి, "పైన చెయ్యి పెడితే కాలిపోయేంత ఎండ ఉంది నాయనా. కింద ఒక్క ఫ్యానూ తిరగడం లేదు. చెడిపోయిందంటావా?" అని అడిగారు.

చెడిపోలేదు. ఆయన కొన్నది లైనులో కరెంటు ఉన్నప్పుడే పనిచేసే రకం. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టెను ఇన్వర్టర్ అంటారు. లైను పోగానే అది తనంతట తానే ఆగిపోవాలి. ఆగకపోతే మన డాబా మీది కరెంటు తీగల్లోకి వెళ్లి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఈ ముక్క అమ్మినవాడు ముందే చెప్పి ఉంటే పెదనాన్న ఇంకోలా కొనుక్కునేవారు. పాతికేళ్లుగా ఇళ్ల వైరింగ్ పని చేయిస్తున్నాను. ప్యానెళ్లు నేను అమ్మను. ఈ రెండు మూడేళ్లలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా మన తెలుగువాళ్ల ఇళ్లలో ఒకే పొరపాటు మళ్లీ మళ్లీ చూసి ఇది రాస్తున్నాను.

కొనే ముందు ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. మీకు కావలసింది నెలనెలా బిల్లు తగ్గడమా, కరెంటు పోయినప్పుడు ఇంట్లో దీపం, ఫ్యాను ఆగకుండా ఉండడమా? ఈ రెండింటికీ పెట్టే యంత్రాలు వేరు, ఖర్చు వేరు, సబ్సిడీ వేరు. రెండూ కావాలంటే దానికీ దారి ఉంది, అయితే అది దుకాణంలో ముందుగా చూపించే దారి కాదు.

ముందు బిల్లు చేతిలోకి తీసుకోండి. ఒక్క నెలది చాలదు. వేసవిది, వానాకాలానిది, చలికాలానిది కనీసం మూడు చూడండి. ఒడిశాలో ఇళ్లకు మొదటి 50 యూనిట్లు ఒక్కొక్కటి దాదాపు 3 రూపాయలు. అక్కడి నుంచి 200 దాకా 5 రూపాయలకు కాస్త తక్కువ, 400 దాకా 6 రూపాయలకు కాస్త తక్కువ, ఆపైన 6 రూపాయల పైచిలుకు. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల కింద సుమారు 620 రూపాయలు, 250 వాడే ఇంటికి సుమారు 1,140 అవుతుంది. 50 యూనిట్ల లోపు వాడే చిన్న ఇంటికి బిల్లు కోసం సోలార్ పెట్టడంలో అర్థం లేదు. ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో ఉన్న బావగారు ఫోనులో చెప్పే లెక్కలు ఇక్కడ పనికిరావు. సరిహద్దు దాటితే యూనిట్ ధర వేరు, రాష్ట్రం ఇచ్చే వాటా వేరు.

ప్యానెళ్ల కన్నా ముందు ఫ్యాన్లు చూడమంటాను. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే కొత్త రకం, 30 లోపే లాగుతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పన్నెండేసి గంటలు తిరిగే ఇంట్లో వాటిని మారిస్తే నెలకు 65 యూనిట్ల దాకా మిగులుతాయి. ఒక కిలోవాట్ సోలార్ నెలంతా ఇచ్చే దానిలో ఇది సగానికి పైనే. అదీగాక తక్కువ లాగే ఫ్యాను ఉంటే తరవాత కొనే బ్యాటరీ కూడా చిన్నది సరిపోతుంది.

ఇప్పుడు బిల్లు తగ్గించే రకం, అంటే లైనుకు కలిపి నెట్ మీటరుతో పెట్టేది. పగలు ఇంట్లో వాడగా మిగిలింది లైనులోకి పోతుంది, రాత్రి మనం లైను నుంచి తీసుకుంటాం, మీటరు రెండింటినీ లెక్కగడుతుంది. ఒక నెల మిగులు వచ్చే నెల లెక్కలో కలుస్తుంది. మన ఎండకు ఒక కిలోవాట్ సగటున రోజుకు 4 యూనిట్ల దాకా, నెలకు 110 నుంచి 120 యూనిట్లు ఇస్తుంది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఇంతకన్నా ఎక్కువే. జూలై, ఆగస్టులలో ముసురు పట్టినప్పుడు బాగా పడిపోతుంది. ఒక్కో కిలోవాట్‌కు నీడపడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30,000 రూపాయలు, మూడో దానికి 18,000 ఇస్తుంది. అక్కడితో ఆగిపోతుంది, మొత్తం 78,000. ఒడిశా ప్రభుత్వం దీని మీద ఒక కిలోవాట్‌కు 25,000, రెండింటికి 50,000, మూడు లేదా ఆపైన 60,000 కలుపుతోంది. దరఖాస్తు పెట్టే రోజున ఈ అంకెలు పథకం వెబ్‌సైటులో (పోర్టల్‌లో) ఒకసారి సరిచూసుకోండి. మా ఊళ్లో బిగించేవాళ్లు చెప్పే ధర కిలోవాట్‌కు 60 నుంచి 75 వేల మధ్య ఉంది.

ఈ అంకెల్ని కిలోవాట్ తరవాత కిలోవాట్‌గా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మొదటి కిలోవాట్‌కు రెండు ప్రభుత్వాలూ కలిపి 55,000 ఇస్తున్నాయి. రెండో దానికి మరో 55,000. అంటే రెండోది కలపడానికి మన చేతి నుంచి పడేది చాలా కొద్ది. మూడోదానికి వచ్చేది 28,000 మాత్రమే, మిగతా 30, 40 వేలు మనవే. కాబట్టి నెలకు 150 నుంచి 250 యూనిట్లు వాడే మామూలు ఇంటికి 2 కిలోవాట్లు పెట్టించుకోమనే చెబుతాను. 250 వాడే ఇంట్లో బిల్లు దాదాపు 20 యూనిట్లకు దిగుతుంది. మనం పెట్టిన 20, 30 వేలు రెండు మూడేళ్లలో తిరిగి వస్తాయి. స్థిర రుసుము మాత్రం తప్పదు.

ఏసీ ఉండి వేసవిలో 350 దాటే ఇంటికి 3 కిలోవాట్లు న్యాయమే. "రేపు అవసరం పడొచ్చు, మిగిలింది అమ్ముకోవచ్చు" అని 5 కిలోవాట్లు అంటగట్టేవాళ్లను నమ్మకండి. సబ్సిడీ మూడుతోనే ఆగిపోతుంది. ఏడాది చివర మిగిలిన యూనిట్ల మీద ఆశపెట్టి ఇంత ఖర్చు చేయకూడదు. పెదనాన్న ఇంట్లో నెలకు 180 యూనిట్లు దాటవు. ఆయనకు 3 అక్కర్లేదు. ఆ డబ్బులో సగంతో కరెంటు పోయినప్పటి ఏర్పాటు అయిపోయేది.

ఆ ఏర్పాటు మన తీరానికి విలాసం కాదు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. స్తంభాలు వరసగా కూలిపోయి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, లోపలికి వచ్చి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. ఫోన్లలో ఛార్జింగ్ లేక, పర్లాకిమిడిలో ఉన్న మా పిన్ని వాళ్లు బతికి ఉన్నారో లేదో రెండు రోజులు తెలియలేదు. ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే బిల్లు లెక్క ఒక్కటే చూసుకుని సోలార్ కొనేవాళ్లను ఆపి మరీ ఈ మాట చెబుతాను.

రెండూ కావాలనేవాళ్లకు దుకాణంలో చూపించేది హైబ్రిడ్ ఇన్వర్టర్. అది లైనుకు కలుస్తుంది, బ్యాటరీనీ నింపుతుంది, లైను పోతే ఇంటిని తానే నడుపుతుంది. మంచి యంత్రమే. అయితే బ్యాటరీ ఖర్చుకు సబ్సిడీ లేదు. 5 యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ కలిపితే అదనంగా లక్ష దాటుతుంది. పైగా అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. పిడుగుకో ఉప్పుగాలికో ఆ పెట్టె పాడైతే బిల్లు తగ్గడమూ ఆగుతుంది, దీపమూ ఆరుతుంది. బాగుచేసేవాడు భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో రావాలి. ఇంట్లో పడకమీద ఉన్న పెద్దవాళ్లు, ఆక్సిజన్ యంత్రం, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉన్నవాళ్లకు హైబ్రిడ్ తీసుకోండి అంటాను. మిగతావాళ్లకు అంత అవసరం లేదు.

నేను మా ఇంట్లో చేసింది, ఎక్కువమందికి చెప్పేది ఇది. సబ్సిడీతో 2 కిలోవాట్లు నెట్ మీటరుకు. దానితో ఏ సంబంధమూ లేకుండా, ఇంట్లో ఎలాగూ ఉండే చిన్న ఇన్వర్టరుకు వేరుగా ఒకటో రెండో ప్యానెళ్లు. బరంపురంలో చాలా మధ్యతరగతి ఇళ్లలో ఇప్పటికే ఒక ఇన్వర్టర్, ఒక ట్యూబులర్ బ్యాటరీ (నీళ్లు పోసే సీసం రకం) ఉంటాయి. అవి లైను కరెంటుతో నిండుతాయి, అందువల్ల తుఫాను తరవాత మొదటి రాత్రితోనే ఖాళీ. వాటికి ఒక సోలార్ ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు నింపే పెట్టె), 300 నుంచి 400 వాట్ల ప్యానెళ్లు కలిపితే, తుఫాను వెళ్లి ఎండ కాయగానే రోజూ యూనిట్ పైన కరెంటు బ్యాటరీలోకి చేరుతుంది. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ దీపాలు, ఫోన్లు కలిపి 110 వాట్లు దాటవు. రాత్రి పది గంటలకు 1.1 యూనిట్. అంతకు మించి ఆశించకండి. మోటారు, మిక్సీ, ఏసీ దీని మీద నడవవు.

ఇక్కడ బ్యాటరీ ఎంపిక కూడా వస్తుంది. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) ట్యూబులర్‌లో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. దాని ఆయువు నిలవాలంటే అందులో సగమే వాడుకోవాలి. నీళ్లు పోస్తూ ఉండాలి, నాలుగైదేళ్లకు మార్చాలి. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1.28 యూనిట్లే ఉన్నా అందులో 1.1 దాకా వాడుకోవచ్చు, పదేళ్లు వస్తుంది, నీళ్ల పని లేదు. ధర ఎక్కువ. ఉన్న ట్యూబులర్ బాగుంటే దాన్నే అరిగేదాకా వాడి, తరవాత లిథియం తీసుకోండి. పాత ఇన్వర్టర్ లిథియంను సరిగ్గా నింపగలదో లేదో ముందుగా కనుక్కోవాలి. చాలా పాతవి నింపలేవు. కంట్రోలర్ విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. పెద్ద ప్యానెళ్లు 40 వోల్టుల చొప్పున ఇస్తాయి, 12 వోల్టుల బ్యాటరీకి వాటిని కలపాలంటే ఆ ఎక్కువ వోల్టేజీని వృథా కాకుండా మార్చే ఎంపీపీటీ రకం కంట్రోలరే ఉండాలి. చవకగా దొరికే పీడబ్ల్యూఎం రకం పెడితే ప్యానెల్ శక్తిలో సగానికి పైగా వృథా అవుతుంది.

ఇక ప్యానెళ్లు డాబా మీద ఎలా నిలబెట్టాలన్నది. ఖరీదైన కంపెనీ ప్యానెలా, చవక ప్యానెలా అని జనం ఎంతో తల బద్దలు కొట్టుకుంటారు. సబ్సిడీకి దేశంలో తయారైన ప్యానెళ్లే వాడాలి కాబట్టి పేరున్న వాటి మధ్య తేడా ఇంటికి పెద్దగా తెలియదు. తేడా అంతా కింది ఇనుములో ఉంది.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఏడెనిమిది అడుగుల ఎత్తు స్తంభాల మీద పందిరిలా ప్యానెళ్లు ఎత్తే వాడుక వచ్చింది. కింద డాబా ఖాళీగా ఉంటుంది, బట్టలు ఆరేసుకోవచ్చు అంటారు. మన ఇళ్లలో డాబా అంటే వేసవి రెండు నెలలూ అప్పడాలు, వడియాలు, మామిడికాయ ముక్కలు ఎండే చోటు. వాటికి కావలసింది నీడ కాదు, నిండు ఎండ. పందిరి వేస్తే ఆ చోటు పోయినట్టే. అదే ప్యానెళ్లను దక్షిణం వైపు చూసేలా, నేలకు అడుగు రెండడుగుల ఎత్తులో ఒక పక్కగా పెట్టిస్తే 2 కిలోవాట్లకు 200 చదరపు అడుగులు పోతాయి, మిగతా డాబా ఆడవాళ్లకు యథాప్రకారం ఉంటుంది.

గాలి సంగతి దీనికన్నా ముఖ్యం. భవనాల మీద గాలి ఒత్తిడికి ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో మన కోస్తా సెకనుకు 50 మీటర్ల గాలి మండలంలో ఉంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి ఎదురుగా తగిలితే ఒక చదరపు మీటరుకు 150 కిలోల బరువంత ఒత్తిడి. పెద్ద ప్యానెల్ ఒక్కొక్కటి రెండున్నర చదరపు మీటర్లు దాటుతుంది. అంటే ఒక్క ప్యానెల్‌కే 400 కిలోల దాకా. గాలి కింది నుంచి దూరితే ఇదే ఒత్తిడి పైకి లాగుతుంది. 30 కిలోల సిమెంటు దిమ్మెలు పెట్టి, "సార్, ఇది కదలదు" అనేవాడి మాట విని సంతకం పెట్టకండి. కాళ్లు స్లాబులోకి కెమికల్ యాంకర్లతో, అంటే రంధ్రంలో రసాయన జిగురు నింపి బిగించే బోల్టులతో, దిగాలి, ఆ చోట నీరు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయాలి. ఇనుము వేడి జింకు పూత వేసినదే కావాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. గోపాలపురం, ఛత్రపురం వైపు మామూలు పెయింటు ఇనుము రెండేళ్లకే తుప్పు పట్టి పొడి రాలడం నేను స్వయంగా చూశాను. "ఎంత గాలికి డిజైన్ చేశారు?" అని అడిగి, కొటేషన్ మీద రాయించుకోండి. జవాబు చెప్పలేనివాడికి ఆ పని ఇవ్వకండి.

తీరం నుంచి దూరంగా రాయగడ, గుణుపురం, జయపురంలలో ఉండేవాళ్లు గట్టి స్తంభాలతో ఎత్తు పందిరి వేసుకున్నా తప్పులేదు. బరంపురంలోనూ పక్కింటి మేడ నీడ పడే ఇరుకు వీధుల్లో వేరే దారి ఉండదు. అప్పుడు కాళ్లు ఇంటి పిల్లర్ల మీదే దిగాలి. పాత నేతవాడల్లో ఒకే గోడ పంచుకున్న ఇళ్లకు ఈ చిక్కు తరచుగా వస్తుంది. కొబ్బరిచెట్టు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా దానితో వరసగా కలిపిన మిగతావీ తగ్గుతాయి, కాబట్టి ఉదయం తొమ్మిది నుంచి మూడు దాకా నీడ ఎక్కడ పడుతుందో ఒక రోజు కూర్చుని చూడండి. చెట్టు కొట్టేయమని అనను. ప్యానెళ్లను పక్కకు జరపండి.

సోలార్ వాటర్ హీటర్ మాట. 100 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడిచేయడానికి గీజరు 4.6 యూనిట్లకు పైగా తాగుతుంది. సునాబేడా, సెమిలిగుడ, కొరాపుట్ కొండల మీద చలి నాలుగు నెలలు గట్టిగా ఉంటుంది, అక్కడి ఇళ్లకు ప్యానెళ్ల కన్నా ముందు ఇదే కొనమంటాను. బరంపురంలో వేడినీళ్లు కావలసింది రెండు నెలలే, దండగ.

పశువులున్న పల్లె ఇంటికి గోబర్ గ్యాస్ ఇప్పటికీ మంచిది. 2 ఘనమీటర్ల గ్యాస్ గుమ్మటానికి రోజుకు 50 కిలోల పేడ, అంటే నాలుగైదు పశువులు కావాలి. నలుగురైదుగురి వంట జరుగుతుంది, మడ్డి పొలానికి ఎరువు. బరంపురం పక్కన మొహుదా కేంద్రంగా పనిచేసే గ్రామ్ వికాస్ సంస్థ 1980ల నుంచి ఒడిశా పల్లెల్లో 54 వేల దాకా ఇలాంటి గుమ్మటాలు కట్టించింది. వాటిలో కొన్ని పేడ లేక మూలనపడి ఉండడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. పశువులు అమ్మేశాక గుమ్మటం కట్టించి లాభం లేదు. మీ కొట్టంలో పశువులు పదేళ్లు ఉంటాయన్న నమ్మకం ఉంటేనే దిగండి.

ఇంటిమీద గాలిమర వద్దు. గాలి వేగం సగమైతే దాని కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఇళ్ల మధ్య గాలి ఎప్పుడూ సుడులు తిరుగుతూ ఉంటుంది, పైగా తుఫానుకు ముందు ఎగిరేది అదే. కొండవాగు మీద చిన్న జలవిద్యుత్తు ఒక ఇంటి పని కాదు, ఊరంతా కలిసి నడుపుకోవలసింది. నీటి కరెంటు మన లైన్లలో ఎప్పటినుంచో ఉంది. డుడుమా జలపాతం దగ్గర ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు ఇస్తోంది.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాదు. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో బిల్లు మీద ఉన్న వినియోగదారు సంఖ్యతో నమోదు చేసుకోవాలి. దక్షిణ ఒడిశా ఎనిమిది జిల్లాలకూ పంపిణీ సంస్థ టీపీఎస్‌ఓడీఎల్. జాబితాలో ఉన్న అమ్మకందారును మీరే ఎంచుకోవాలి, బిగించాక పంపిణీ సంస్థ వచ్చి చూసి నెట్ మీటరు పెడుతుంది, సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. "సబ్సిడీ మేమే తెచ్చుకుంటాం, మీరు తగ్గించి ఇవ్వండి" అనేవాడి దగ్గర ప్రతి రూపాయీ రాయించుకోండి. అయిదేళ్లు మరమ్మతు చూడవలసిన బాధ్యత అమ్మినవాడిదే, అదీ రాతలో ఉండాలి. జాతీయ బ్యాంకులు దీనికి పూచీకత్తు లేకుండా తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నాయి, కాబట్టి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టే పని లేదు.

మనవాళ్ల ఇళ్లలో ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఒక్కచోటే. మీటరు ఇంకా తాతగారి పేరు మీద ఉంటుంది. ఆయన పోయి ఇరవై ఏళ్లవుతుంది, అన్నదమ్ములు ముగ్గురూ అదే బిల్లు కడుతుంటారు. బిల్లు మీది పేరూ బ్యాంకు ఖాతా పేరూ ఒకటి కాకపోతే సబ్సిడీ ఆగిపోతుంది. పేరు మార్పించడానికి వారసుల సంతకాలు, కాగితాలు కావాలి, దానికి కొన్ని వారాలు పడుతుంది. ఉమ్మడి డాబా అయితే ఎవరి వంతులో ప్యానెళ్లు ఉంటాయో కూడా అప్పుడే రాసుకోండి. అక్టోబర్ గాలుల లోపు బిగింపు పూర్తి కావాలంటే ఈ పని ఉగాదికే మొదలుపెట్టాలి.